ఎప్పటి లెక్కో చెప్పని పేజీ

పెద్దదానికి రెండో జడ అల్లుతుండగా జమ్మలమడుగు నుంచి మస్తాన్ ఫోన్ చేశాడు. ఉదయం ఏడు దాటింది. మస్తాన్ అక్కడి రక్తం నిల్వ కేంద్రంలో టెక్నీషియన్. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను.

"అక్కా, పులివెందులలో ఓ నెగెటివ్ రెండు ప్యాకెట్లుండాయని మీ నిల్వల పేజీలో ఉంది. నిజంగా ఉండాయా?"

"పేజీలో ఉంటే ఉన్నట్టే గదప్పా. ఏమయింది?"

"ఈడ కాన్పు కేసు. రక్తం శానా పోతాంది. ఆయమ్మ తమ్ముడు నన్నడక్కుండానే బండేసుకొని పులివెందులకు పోయినాడు. ఆడ ఓబులేసుకు ఫోన్ జేస్తే ఎత్తడంల్యా."

జడ వదిలేసి పేజీ తెరిచాను. ఒక్క క్షణంలో వచ్చింది. పులివెందుల, ఓ నెగెటివ్, రెండు. అంతా బాగున్నట్టే ఉంది. అలవాటుగా జమ్మలమడుగు వరస కూడా చూశాను. బి పాజిటివ్ నాలుగు అని ఉంది.

"మస్తాన్, నీ ఫ్రిజ్జులో బి పాజిటివ్ ఎన్నుండాయి?"

"మూడు. తెల్లారుజామున ఒకటి ఇచ్చినా."

"మళ్ళీ పాత అలవాటేనా? రాయలేదా?"

"నువ్వు తిట్టినప్పటి నుంచి అప్పటికప్పుడే రాస్తాండా అక్కా. నాలుగున్నరకే రాసినా."

రాసి రెండున్నర గంటలయినా పేజీలో ఇంకా నాలుగే ఉంది. పేజీ తెరుచుకోకుండా పడిపోయి ఉంటే బాగుండేదనిపించింది. పడిపోయిన పేజీని ఎవరూ నమ్మరు. ఇది చక్కగా తెరుచుకుని, ఎప్పటిదో లెక్క చెబుతోంది. దాన్ని నమ్మి ఒక మనిషి ముద్దనూరు దారిలో బండి మీద పోతున్నాడు.

ఎవరి కోసం రాస్తున్నాను

ఆ ఉదయం నాటికి నేను ఆ పేజీ తయారుచేసిన కంపెనీలోనే ఉన్నాను. అక్కడ తొమ్మిదేళ్లు పనిచేసి రెండు నెలల క్రితం మానేశాను. చిన్నోడికి ఆయాసం. ఇంట్లో ఒకరు ఉండక తప్పదు, నేను ఉన్నాను. ముప్పై నాలుగేళ్లకే రిటైర్మెంటా అని మా ఆయన నవ్వుతాడు. నా చోట చేరిన అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "మేడం, మీరు రాసి పెట్టినవన్నీ చదివినా. ఏ పనికి ఏ సర్వరో ఉంది గానీ, ఎందుకో యాడా లేదు," అంది. ఆ అమ్మాయి కోసం, ఆమెలాంటి వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పిల్లలు పడుకున్నాక రాసేది కాబట్టి అక్కడక్కడా అతుకులు కనిపిస్తాయి.

మాది ప్రొద్దుటూరులో మేడ మీద రెండు గదుల కంపెనీ. ఆరుగురం. యజమాని శివారెడ్డి సార్ ఒకప్పుడు కంప్యూటర్ కోచింగ్ సెంటర్ నడిపారు. మా ఖాతాదారుల్లో ఒక ట్రస్టు ఉండేది. వాళ్లకు ప్రొద్దుటూరులో బ్లడ్ బ్యాంకు, జమ్మలమడుగులో, పులివెందులలో నిల్వ గదులు ఉన్నాయి. వాళ్లు మమ్మల్ని రెండు పనులు అడిగారు. మొదటిది, ఏ ఊళ్లో ఏ గ్రూపు రక్తం ఎన్ని ప్యాకెట్లు ఉందో ఎవరైనా ఫోన్లో చూసుకునే పేజీ. రెండోది, రక్తదాన శిబిరాల్లో చేత్తో నింపిన ఫారాలను యంత్రం చదివి కంప్యూటర్లోకి ఎక్కించడం.

మొదటి పని చాలా తేలిక. గంటకు పదిమంది చూస్తారేమో. కానీ ఆ పదిమందీ ప్రాణం మీదికి వచ్చినవాళ్లు, అది ఎప్పుడూ తెరుచుకునే ఉండాలి. రెండో పని చాలా బరువు. అది నెలలో రెండు మూడు రోజులే వస్తుంది, రేపటిదాకా ఆగినా ఎవరికీ నష్టం లేదు. మీకు వచ్చే పనుల్లో చాలావరకు ఈ రెండింటి కలయికే. క్లౌడ్‌లో, అంటే ఎక్కడో దూరాన ఉన్న అద్దె కంప్యూటర్లలో, ఏది ఎంతకు వస్తుందో పట్టిక చూసుకునే ముందు, ఏది ఆగగలదు, ఏది ఆగలేదు అని ఒక కాగితం మీద రాసుకోండి. నేను రాసుకోలేదు.

మోటారూ బల్బూ

మొదట రెండు పనులనూ ఒకే సర్వర్ మీద పెట్టాను. ఒక అద్దెతో పోతుందని. మా వైపు శిబిరాలు పెద్దవాళ్ల పుట్టినరోజులకు, వర్ధంతులకు పెడతారు. రోజంతా రక్తం తీసుకుని, సాయంత్రం కుర్రాళ్లు ఫారాలను బండి సీటు మీద పరిచి, వంకరగా ఫోటోలు తీసి, అన్నీ ఒకేసారి పంపుతారు. అలాంటి ఫోటోలో చేతిరాత చదవడమంటే సర్వర్‌కు చాకిరీ. మొదటి శిబిరం రోజు సాయంత్రమే నిల్వల పేజీ తిరుగుతూ తిరుగుతూ నిలిచిపోయింది.

శివారెడ్డి సార్ నా భుజం మీదుగా చూసి, "ఏందమ్మా ఇది, బోరు మోటారేస్తే ఇంట్లో బల్బు ఆరిపోయినట్టుంది," అన్నారు. ఆయనకు క్లౌడ్ గురించి తెలిసింది తక్కువ. కానీ ఆ రోజు సమస్య మొత్తం ఆ ఒక్క మాటలో చెప్పారు.

నేనేం చేశాను? రెండింతల పెద్ద సర్వర్ తీసుకున్నాను, నెలంతా. భయపడిన ఇంజనీర్లు చేసే పని అది. బిల్లు చూసి సార్ పిలిచారు.

"నెలకు రెండు సార్లొచ్చే చుట్టాల కోసం ఎవరన్నా ఏడాదంతా పెండ్లి వంటశాల అద్దెకు పెట్టుకుంటారా?"

"రద్దీ రోజు పడిపోతే సార్?"

"ఆ రోజుకు మాత్రం తెచ్చుకోమంటాండా. నీ క్లౌడ్‌లో గంటకు అద్దెకిచ్చేది ఏమీ ల్యాకపోతే, దాన్ని క్లౌడని యాల అనాల?"

ఆయన చెప్పింది నిజం. ఫారాలు చదివే పనిని విడదీసి, కాగితాలు వచ్చినప్పుడు మాత్రమే లేచి, చదివి, ముగించి పోయే పద్ధతికి మార్చాను. నడిచిన నిమిషాలకే అద్దె. పేజీని అన్నిటికంటే చిన్న సర్వర్ మీద ఉంచాను. బిల్లు పడిపోయింది, పేజీ నిలబడింది. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

కువైట్ నుంచి చూసేవాళ్లు

పొదుపు రుచి మరిగినవాళ్లు ఆగరు. "రాత్రి పది తర్వాత ఆ చిన్నది మాత్రం ఎవరి కోసం వెలుగుతాండాది?" అన్నారు సార్ ఒకరోజు. నాకూ సబబుగానే తోచింది. రాత్రి పది నుంచి ఉదయం ఐదు వరకు పేజీని నిద్రపుచ్చాను. ఎవరు ఎప్పుడు చూస్తున్నారో ఒక్కసారి కూడా లెక్క తీసి చూడలేదు.

నాలుగో రోజు కువైట్ నుంచి ఫోన్. మా ఊళ్ల నుంచి అక్కడ పని చేసేవాళ్లు ఎందరో. మనకు పది అయితే వాళ్లకు ఏడున్నర, డ్యూటీ దిగి గదికి చేరే వేళ. ఇంటి దగ్గర తల్లికో చెల్లెలికో ఆపరేషన్ ఉంటే, ఆసుపత్రి బయట కూర్చున్న వాళ్లకంటే ముందు ఈ పేజీ చూసేది వాళ్లే.

"మేడం, మీ పేజీకి గూడా డ్యూటీ టైమింగులు పెట్టినారా?" అన్నాడు అవతలి మనిషి. "అట్లయితే శుక్రవారం సెలవు గూడా ఇయ్యండి."

మర్నాడే నిద్ర తీసేశాను. చూసేవాళ్లను లెక్కపెట్టకుండా దేన్నీ ఆపకూడదని ఆ మనిషి చెప్పకపోతే నాకు తెలిసేది కాదు.

తర్వాత నాకు మంచి ఆలోచన వచ్చింది. ఇప్పటికీ మంచిదే అంటాను. చూసిన ప్రతిసారీ పేజీని కొత్తగా తయారు చేయడం దేనికి? నిల్వ మారినప్పుడు మాత్రమే ఒక కొత్త ప్రతి తయారు చేసి బయట పెడితే చాలు, గోడకు నోటీసు అంటించినట్టు. అప్పుడు పేజీకి సర్వరే అక్కర్లేదు. లక్షమంది చూసినా పడిపోదు, అద్దె దాదాపు ఉండదు. అలాగే చేశాను.

అయితే కొత్త ప్రతి తయారు చేయడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. ఫారాలు చదివే యంత్రం ఎలాగూ పిలిస్తే లేచి వస్తుంది, ఈ పనీ దానికే అప్పగించాను. ఫారాలైనా, నిల్వ మార్పులైనా ఒకే వరుసలో నిలబడతాయి, ఒకటి తర్వాత ఒకటి జరుగుతాయి. ఒకేసారి ఎక్కువ యంత్రాలు లేచి బిల్లు పెంచకుండా ఒక్కటే లేవాలని హద్దు కూడా పెట్టాను. మామూలు రోజుల్లో నిల్వ మార్పు అర నిమిషంలో పేజీ మీదికి వచ్చేది. చిన్న శిబిరాలప్పుడు కొంచెం ఆలస్యమయ్యేది, ఎవరూ గమనించలేదు. మూడు నెలలు ఒక్క ఫిర్యాదు లేదు. నేను గర్వంగానే తిరిగాను.

మస్తాన్ ఫోన్ చేసిన ముందురోజు రెండు ఊళ్లలో రెండు శిబిరాలు జరిగాయి. ఒకచోట కుర్రాళ్లు ఫోటోలు పోయాయో లేదోనని అన్నీ రెండోసారి పంపారు. రాత్రి ఎనిమిది నుంచి యంత్రం ఆ ఫారాలే చదువుతోంది. వాటి మధ్య మూడు ఊళ్ల నిల్వ మార్పులు తమ వంతు కోసం నిలబడి ఉన్నాయి. నాకు హెచ్చరిక ఏదీ రాలేదు, ఎందుకంటే నేను పెట్టిన హెచ్చరిక అడిగేది ఒక్కటే: పేజీ తెరుచుకుంటోందా? తెరుచుకుంటోంది.

ఆ ఉదయం

మొదట మస్తాన్‌నే అనుమానించాను. దానికి కారణం ఉంది. మా వైపు ప్యాకెట్ తీసుకున్న ఇంటివాళ్లు బదులుగా ఒకరు రక్తం ఇవ్వాలన్నది ఆనవాయితీ. బదులు ఇచ్చే మనిషి వచ్చేదాకా మస్తాన్ తీసివేత రాసేవాడు కాదు. "అది అప్పు మాదిరి గదక్కా, తిరిగొస్తాది," అనేవాడు. ఆ బదులు మనిషి మూడు రోజులకు వచ్చేవాడు, లేదా అసలు వచ్చేవాడే కాదు. గట్టిగా తిట్టి మాన్పించాను. మాన్పించినది నేనే అయినా, ఆ ఉదయం నా వేలు ముందు అతని వైపే వెళ్లింది. తప్పు దొరకగానే మనం మనిషిని వెతుకుతాం. అప్పుడు నా చేతిలోని పేజీని చూసుకోవడానికి నాకు రెండు నిమిషాలు ఎక్కువ పట్టింది.

పిల్లలను పక్కింటి వాళ్లకు అప్పగించి లాప్‌టాప్ తెరిచాను. మూడోసారికి పులివెందుల టెక్నీషియన్ ఓబులేసు ఫోన్ ఎత్తాడు.

"ఓ నెగెటివ్ రెండూ రాత్రి తొమ్మిదికే యాక్సిడెంటు కేసుకు పోయినాయక్కా. అప్పుడే రాసినా. నీ పేజీ చూపియ్యకపోతే నేనేం జేసేది?"

"జమ్మలమడుగు నుంచి ఖాజా అని ఒకాయన వస్తాండాడు, ఆ ప్యాకెట్ల కోసం."

"ఆయనకు ఈ మాట నేనే చెప్పాల్నా?" అన్నాడు.

మస్తాన్ దగ్గర నంబరు తీసుకుని ఖాజాకు పదిసార్లు చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. బండి నడుపుతూ జేబులో ఫోన్ ఎవరికి వినిపిస్తుంది? అతని అక్క నూర్జహాన్ జమ్మలమడుగులో ఒక నర్సింగ్ హోంలో ఉంది. మొదటి కాన్పు. ఇంట్లో ఎవరిదీ ఆ గ్రూపు కాదు. భర్త కువైట్‌లో. ఆయన అక్కడి నుంచి పేజీ చూసి, "పులివెందులలో రెండుండాయి, పో," అని ఖాజాను తరిమాడు. ఉదయం పదిలోపు రక్తం ఎక్కించకపోతే కష్టమని డాక్టరమ్మ చెప్పింది.

ఫారాలు చదివే పనిని ఆపేసి, నిలబడి ఉన్న వరుస తెరిచాను. వందల ఫారాలు. వాటిలోంచి నిల్వ మార్పులను మాత్రం ఏరాను. పదకొండు ఉన్నాయి. మూడోది పులివెందులలో రెండు తగ్గినట్టు. ఏడోది ప్రొద్దుటూరులో ఓ నెగెటివ్ ఒకటి, పరీక్షలన్నీ అయి, రాత్రి పదింటికి చేరినట్టు.

మా ఇంటికి నాలుగు వీధుల అవతల. ఖాజా వెళ్లింది మాత్రం పూర్తిగా వేరే దారిన.

ఈసారి తెర మీది అంకెను నమ్మలేదు. ప్రొద్దుటూరు కేంద్రానికి ఫోన్ చేసి, లేచి వెళ్లి ఫ్రిజ్ తెరిచి చూసి చెప్పమన్నాను. "ఉంది. ఒక్కటే. పక్కన పెడతాండా," అన్నారు. మస్తాన్‌కు చెప్పాను. ఇంకో చిక్కు: డాక్టరు చీటీ, రక్తం శాంపిల్, ఐస్ డబ్బా అన్నీ ఖాజా దగ్గర, అవి లేనిదే ప్యాకెట్ ఇవ్వరు. నర్సు మళ్లీ శాంపిల్ తీసింది. ఎవర్ని పంపాలా అని మస్తాన్ చూస్తుంటే నూర్జహాన్ వాళ్లమ్మే లేచిందట. "నేను పోతా. నాకేమన్నా కాళ్ళు ల్యావా?" అని ఆటో ఎక్కింది.

పదికి పావుగంట తక్కువకు ఆమె డబ్బాను ఒళ్లో పెట్టుకుని తిరిగి వచ్చిందని మస్తాన్ చెప్పాడు. అదే సమయానికి ఖాజా పులివెందులలో ఖాళీ ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నాడు.

ఖాజా మాట

సాయంత్రం ఖాజా మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. టైల్స్ పని చేసే మనిషి, ఇరవై ఐదేళ్లుంటాయి. జుట్టు నిండా దుమ్ము.

"ఆ పేజీ జేసిందెవరు?"

"కూర్చో అప్పా, నీళ్ళు తాగు," అన్నారు సార్.

"నీళ్ళు ముద్దనూరులో తాగినా. జేసిందెవరంటాండా."

"నేనే," అన్నాను.

ఆడమనిషి ఉంటుందని అనుకోలేదేమో, గొంతు కొంచెం తగ్గింది. మాట మాత్రం తగ్గలేదు. "మా బావ ఆ పేజీని నమాజు వేళ మాదిరి నమ్మినాడు. నేను మా బావను నమ్మినా. మా అక్క ఆడ నెత్తుట్లో పడుకోనుంటే నేను ఈడ ఊర్లు తిరుగుతాంటి."

తప్పు నాదేనని చెప్పాను. ఎలా జరిగిందో చెప్పబోయాను. ఫారాలు, వరుస, ఒకే యంత్రం. రెండు వాక్యాలు విన్నాడు.

"అవన్నీ నాకెందుకక్కా? రెండు అని రాసినావు. అది యెప్పటి లెక్కో రాయకపోతివి. రాత్రి ఎనిమిది గంటల లెక్క అని రాసింటే, ఒక ఫోన్ జేసుకొని పోదును గదా? మా వీధిలో పాలాయన గూడా ఇవి పొద్దుటి పాలో, మాపటి పాలో చెప్పి పోస్తాడు."

తొమ్మిదేళ్లలో ఎన్నో సమీక్షలకు కూర్చున్నాను, పెద్ద ఊళ్ల నుంచి వచ్చిన నిపుణులు ఏ పని ఎక్కడ నడుస్తుందో నేను గీసిన పటాలు చూసి బాణాలు సరిదిద్దారు. ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు.

"అక్కకెట్లుంది?" అన్నాను.

"ఒకటి ఎక్కించినారు. ఇంకోటి కావాలంటాండారు. రేపు పొద్దునకు గానీ ఏమీ చెప్పలేమన్నారు." అని దిగి వెళ్లిపోయాడు.

సార్ నన్ను ఏమీ అనలేదు. ఆయన మీద నాకు చాలా ఫిర్యాదులు ఉన్నాయి. కానీ ఆ రోజు ఆయన ఖాతాదారుకు ఫోన్ చేసి, "మా తప్పే," అన్నారు. "టెక్నికల్ సమస్య" అనలేదు. అలాంటి యజమాని దొరికితే బిల్లు గురించి నాలుగు మాటలు పడటంలో తప్పులేదు.

అదే సాయంత్రం రెండు వరుసలు చేశాను. నిల్వ మార్పులకు ఒకటి, ఎవరి వెనకా నిలబడనిది. ఫారాలకు ఇంకొకటి, తెల్లారేదాకా నడిచినా ఫరవాలేనిది. దీనికి పెరిగిన ఖర్చు ఆ నెల బిల్లులో వెతికితే గానీ కనబడలేదు. మొదటే చేసి ఉండొచ్చు. పటంలో ఒక పెట్టె తగ్గితే అందంగా ఉంటుందని చేయలేదు, అంతే. హెచ్చరికను కూడా మార్చాను. ఇప్పుడది టెక్నీషియన్ రాసిన చివరి అంకె పేజీ మీదికి చేరిందా అని అడుగుతుంది. ప్రతి ఊరి వరస పక్కన లెక్క ఏ గంటదో పెద్ద అక్షరాల్లో పెట్టాను. లెక్క సరిచూసి అరగంట దాటితే అంకె పోయి "ఫోన్ చేసి అడగండి" అని వస్తుంది. సార్ అడ్డు చెప్పారు, "జనం మనకు తెలీదనుకుంటారు గదమ్మా?" అని. "అప్పుడు మనకు తెలీదు గదా సార్," అన్నాను.

మీరు పొదుపు చేయండి. తప్పకుండా చేయండి. చిన్న ఊళ్లలో పనిచేసేవాళ్లకు అది తప్పదు, ఆ ట్రస్టు లాంటివాళ్ల ప్రతి రూపాయీ ఎవరో ఇచ్చిందే. కాకపోతే ఆగగలిగినదాని దగ్గర చేయండి. ఆగలేనిదాన్ని తీసుకెళ్లి ఆగగలిగినదాని వెనక నిలబెట్టకండి.

మర్నాడు

మర్నాడు ఉదయం పిల్లలు దోసెలు తింటున్నారు. ముందురోజు ఫోన్లన్నీ పెద్దది విన్నట్టుంది.

"అమ్మా, ఆ ఆంటీకి బాగయిందా?" అంది.

బాగయిందిలే, తిను, అని నోటిదాకా వచ్చింది. పిల్లలు కంచం ముందు ఉన్నప్పుడు ఏ తల్లయినా అదే చెబుతుంది. కానీ నాకు తెలిసింది ఖాజా నిన్న సాయంత్రం అన్న మాట ఒక్కటే.

"నాకు తెలీదు. ఉండు, అడుగుతా," అన్నాను.

చిన్నోడు కూడా తినడం ఆపాడు. మస్తాన్ వెంటనే ఎత్తాడు. నిద్రలేని గొంతు.

"రాత్రి కడప నుంచి ఇంకో ప్యాకెట్ తెప్పించినారక్కా. ఇప్పుడే డాక్టరమ్మ చూసి పోయింది. గండం గడిచిందంట. ఆయమ్మేమో బిడ్డను ఇయ్యమని నర్సులతో గలాటా జేస్తాంది."

ఫోన్ పెట్టేశాను. పిల్లలిద్దరూ నా ముఖం చూస్తున్నారు. గడియారం చూశాను.

"బాగుందంట," అని చెప్పాను. "ఇప్పుడు ఏడూ ఇరవై. ఏడూ ఇరవైకి బాగుంది. మీరు బడి నుంచి వచ్చినాక మళ్ళీ అడిగి చెప్తా."